వలస కాలపు టోకెన్లు: ఏది అసలు, ఏది ఎంత, దేనిమీద డబ్బు పెట్టాలి

వలస పాలన నాటి టోకెను అంటే సర్కారు కాకుండా ఒక వర్తకుడో, బ్యాంకో, తోట యజమానో, మిల్లు కంపెనీయో అచ్చు వేయించిన లోహపు బిళ్ళ. చిల్లర కరువైన చోట అది డబ్బులా చెల్లింది. కూలి పనుల దగ్గర రోజు లెక్కకు చీటీలా పనికొచ్చింది. ఏ టోకెనైనా ఒక హామీ: "ఇది తెచ్చివ్వు, ఇంత ఇస్తాను." ఆ హామీ ఇచ్చినవాడి పేరు, చోటు, కాలం తేలితే బిళ్ళకు ధర పుడుతుంది. తేలకపోతే నూటయాభై ఏళ్ళ ఇత్తడి కూడా తూకానికే పోతుంది. అందుకే గుర్తింపునూ ధరనూ ఏ రకం కొనాలన్న నిర్ణయాన్నీ ఇక్కడ ఆ హామీ దగ్గర నుంచే చూస్తాం.

దేవుడి బొమ్మ ఉన్న "కంపెనీ నాణెం"

తెలుగునాట పాత బిళ్ళల మాట వస్తే ముందు వినపడేది వీటి గురించే, కనుక మొదట ఇది తేల్చుకుందాం. ఒకవైపు రామ పట్టాభిషేకమో, హనుమంతుడో, రాధాకృష్ణులో, ఓంకారమో ఉంటుంది. రెండోవైపు "ఈస్టిండియా కంపెనీ" అన్న ఆంగ్ల అక్షరాలు, 1616, 1717, 1818, 1839 వంటి ఏదో ఒక సంవత్సరం, "హాఫ్ అణా" అనో "యు.కె.ఎల్. వన్ అణా" అనో విలువ. ఇవి కంపెనీ నాణేలు కావు, ఆ కాలపు టోకెన్లూ కావు. పూజకు, తాయెత్తుకు, ఈమధ్య అచ్చంగా అమ్మకానికే తయారైన బిళ్ళలు.

రుజువు బిళ్ళ మీదే ఉంది. 1616 నాటికి కంపెనీకి ఈ దేశంలో ఉన్నవి కొఠీలే. మచిలీపట్నం కొఠీ మొదలైంది 1611లో. ఆంగ్లంలో అణా అని రాసిన కంపెనీ రాగి నాణేలు 1830 ప్రాంతం నుంచే వచ్చాయి. "ఒక అణా" నాణేన్ని కంపెనీ ఎన్నడూ వేయలేదు. చలామణిలోకి మొదటి అణా నాణెం 1907లో, అలల అంచుతో, రాగి నికెల్ మిశ్రమంలో వచ్చింది. అప్పటికి కంపెనీ పాలన ముగిసి దాదాపు యాభై ఏళ్ళు. ఇక తూకం. 1835లో దేశమంతటికీ ఒకే కొలత తెచ్చాక కంపెనీ పావు అణా 6.47 గ్రాములు, అర అణా 12.95 గ్రాములు, అణాలో పన్నెండో వంతు 2.16 గ్రాములు. అరుగుదల వల్ల కొంత తగ్గుతుందే గానీ పెరగదు. దేవుడి బిళ్ళలకు ఇలాంటి కట్టుబాటు లేదు. ఒకే బొమ్మ, ఒకే సంవత్సరం ఉన్న రెండింటిని పక్కపక్కన తూచినా గ్రాముల తేడా రావడం మామూలే.

అయితే "దేవుడి బొమ్మ ఉంటే నకిలీ" అని గుడ్డిగా సూత్రం పెట్టుకోవద్దు. మద్రాసులో కంపెనీ వేసిన బంగారు నక్షత్ర వరహా మీద విష్ణుమూర్తి ఉన్నాడు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో వచ్చిన వెండి అర వరహా, పావు వరహాల మీద ఒకవైపు గోపురం, రెండోవైపు విష్ణువు, చుట్టూ తమిళంతో పాటు తెలుగు అక్షరాలు కూడా ఉన్నాయి. తేడా ఎక్కడంటే, అక్కడ దేవుడి బొమ్మ అప్పటికే చెల్లుతున్న వరహా సంప్రదాయం నుంచి వచ్చింది, లోహం బంగారం లేదా వెండి, విలువ వరహా లెక్కలో ఉంది. రాగి మీద అణా విలువ, ఆంగ్లంలో కంపెనీ పేరు, దేవుడి బొమ్మ మూడూ ఒక్కచోట కలిస్తే మాత్రం ఇక ఆలోచించనక్కర్లేదు.

వీటితోనే సాగే మోసం "రైస్ పుల్లింగ్". బిళ్ళ బియ్యపు గింజలను లాగుతుందని, అందులో ఇరిడియం ఉందని, కోట్లు పలుకుతుందని నమ్మిస్తారు. రాగి గానీ ఇరిడియం గానీ బియ్యాన్ని లాగవు. గింజలకు ఇనుప రజను పట్టించి, బిళ్ళ కింద అయస్కాంతం దాచితే మాత్రం కదులుతాయి. దీన్ని "పరీక్ష చేయించడానికి" ముందుగా డబ్బు అడిగిన చోటే మాట ఆపేయండి. పాత నాణేలు కొంటామంటూ రిజర్వు బ్యాంకు పేరుతో రుసుము, పన్ను అడిగేవారి గురించి ఆ బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది కూడా.

రామటంకాలు వేరే దారి. అవి గుళ్ళలో, యాత్రాస్థలాల్లో భక్తుల కోసం తయారైనవి. డబ్బుగా చెల్లినవి కావు. మంచి పనితనం ఉన్న పాత వెండి రామటంకానికి సేకర్తలు ఉన్నారు, గౌరవమూ ఉంది. కానీ మీద చెక్కిన సంవత్సరాన్ని వయసుగా తీసుకోకూడదు. వెండి తూకం, పనితనం, అరుగుదల చూసి కొనాలి. వలస టోకెన్ల సంచిలో మాత్రం వాటిని వేయకండి.

కంపెనీ రాగి: టోకెను కాదు, కానీ పక్కనే ఉంచండి

టోకెన్ల పెట్టెలో తరచుగా కలిసిపోయేవి అసలైన కంపెనీ రాగి నాణేలు. తెలుగువారికి అన్నిటికన్నా దగ్గరివి ఉత్తర సర్కారుల కోసం 1794, 1797 సంవత్సరాలతో వచ్చినవి. ఒకవైపు కంపెనీ రాజచిహ్నం, రెండోవైపు హృదయాకారపు వర్తక గుర్తు, దాని చుట్టూ "48 కలిస్తే ఒక రూపాయి" లేదా "96 కలిస్తే ఒక రూపాయి" అన్న అర్థం వచ్చే ఆంగ్ల మాటలు. ఇంగ్లండులో ఆవిరి యంత్రాల మీద కొట్టినవి కనుక గుండ్రంగా, అక్షరాలు సూటిగా ఉంటాయి. విలువను ఇంత పచ్చిగా రాయడం చూసి కొందరు వీటిని టోకెన్లనుకుంటారు.

రెండోది మద్రాసు కాసులు. 1803, 1808 సంవత్సరాలతో బర్మింగ్‌హామ్ దగ్గరి సోహో టంకశాలలో కొట్టినవి. రోమన్ అంకెల్లో ఇరవై, పది, అయిదు, ఒకటి. ఇరవై కాసుల నాణెం 9 గ్రాములకు కాస్త పైగా, అడ్డకొలత 31 మిల్లీమీటర్ల దగ్గర. దాని మీది పారసీ మాటలు ఇరవై కాసులు నాలుగు ఫలూసులకు (ఫలూసు అంటే రాగి నాణెం) సమానమని చెబుతాయి. ఇక్కడ ధర తెలుసుకోవాలంటే ఒక ఓడ సంగతి తెలియాలి. 1808 నాటి పది, ఇరవై కాసుల పీపాలతో మద్రాసు బయల్దేరిన "అడ్మిరల్ గార్డ్‌నర్" ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరాన గుడ్‌విన్ ఇసుక దిబ్బల్లో మునిగింది. 1980ల్లో ఆ నాణేలు లక్షల లెక్కన పైకి వచ్చాయి. అందుకే 1808 నాణెం, ముఖ్యంగా ఉప్పునీరు తిన్న గరుకు ఉపరితలంతో ఉన్నది, రెండువందల ఏళ్ళు దాటినదైనా చవక. ఇక్కడే వాడుకలో సహజంగా అరిగిన 1803 నాణేనికి అది మునిగిన ఓడ సరుకు కాదన్న గుర్తింపు ఉంటుంది. ఓడ నుంచి వచ్చినదాన్ని ధ్రువపత్రం ఉందని నాలుగింతలు పెట్టి కొనకండి. పత్రం దాని పుట్టుకను చెబుతుందే గానీ దాన్ని అరుదు చేయదు.

అసలు టోకెన్లు: నాలుగు కుటుంబాలు

సింహళ కాఫీ టోకెన్లు. పంతొమ్మిదో శతాబ్దం నడుమ సింహళంలో (నేటి శ్రీలంకలో) కాఫీ ఒక పిచ్చిలా పెరిగింది. 1869లో ఆకుమచ్చ తెగులు కనిపించి, తర్వాతి రెండు దశాబ్దాల్లో ఆ పంటను తుడిచిపెట్టింది. ఈ నడిమి కాలంలో కొలంబో మిల్లులూ కొండ తోటలూ కూలీలకు ఇచ్చిన బిళ్ళలివి. మిల్లుల్లో గింజలు ఏరే ఆడవాళ్ళకు రోజు కూలి లెక్క, తోటల్లో కోసిన కాఫీ కొలత లెక్క. పాత టోకెన్ల మీద నాలుగున్నర పెన్నీల విలువ కనిపిస్తుంది. అది అప్పటి వాడుకలో మూడు ఫణాలు. 1872లో సింహళం రూపాయి, సెంట్ల లెక్కకు మారాక అదే కూలి 19 సెంట్లుగా కనిపిస్తుంది. లెక్క చూడండి: రూపాయికి రెండు షిల్లింగులు, అంటే 24 పెన్నీలు. నాలుగున్నర పెన్నీలు 18.75 సెంట్లు అవుతాయి, పై సెంటుకు పూరించారు. ఇలా విలువ, కాలం, డబ్బు లెక్క ఒకదానికొకటి సరిపోవడమే అసలు టోకెనుకు మంచి సాక్ష్యం. బర్మింగ్‌హామ్‌లోని రాల్ఫ్ హీటన్ కర్మాగారం వీటిలో చాలావాటిని కొట్టింది. అక్షరాలు పదునుగా, అంచు ఒకే మందంలో ఉండాలి.

అస్సాం, సిల్హెట్ తేయాకు తోటల టోకెన్లు. లోపలి జిల్లాలకు చిల్లర చేరని రోజుల్లో తోటలు తమ బిళ్ళలు తామే వేయించుకున్నాయి. కొన్ని కలకత్తా టంకశాలలో, కొన్ని ఇంగ్లండులో. రాగి, ఇత్తడి, జింకు. గుండ్రనివి, ఆరు పలకలవి, కోడిగుడ్డు ఆకారంలోవి, మూడు మూలలవి, నడుమ తొలిచినవి. చదువు రాని కూలీ చేతివేళ్ళతోనే ఇది పూర్తి రోజు బిళ్ళా, సగం రోజుదా తెలుసుకోవాలి కనుక ఆకారం, పరిమాణం ముఖ్యం. గంజాం, విశాఖ ప్రాంతాల నుంచి కూడా ఆ తోటలకు కూలీలు వెళ్ళారు. కానీ తోట గేటు దాటితే చెల్లని బిళ్ళను ఇంటికి తెచ్చుకునే కారణం ఎవరికీ లేదు. తోట ఆఫీసు తిరిగి తీసుకుని, చివరికి కరిగించేది. కొన్ని తోటల పేర్లతో అతి కొద్ది బిళ్ళలే మిగలడానికి కారణమదే.

ఈ కుటుంబంలోనే అన్నిటికన్నా ప్రమాదకరమైన రకం కూడా ఉంది: సాదా ఇత్తడి రేకు మీద రెండు మూడు అక్షరాలు మాత్రమే పంచి అనే అచ్చు మేకుతో కొట్టినవి. అసలువి ఉన్నాయి. కానీ పాత ఇత్తడి రేకు, అక్షరాల పంచీల పెట్టె ఎవరైనా కొనుక్కోగలరు. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగలిగే పాత సేకరణ చీటీ, పాత వేలం పుట లేనిదే వీటిని కొనవద్దు.

సింగపూర్ వర్తకుల కెపింగులు. మలయా, సుమత్రా తీరాల వ్యాపారం కోసం సింగపూర్ వర్తకులు ఇంగ్లండులో కొట్టించుకున్న పలచటి రాగి బిళ్ళలు. ఒకవైపు పుంజు, పైన అరబ్బీ లిపిలో "తానా మలాయు" అంటే మలయుల నేల. రెండోవైపు "సాతు కెపింగ్", అంటే ఒక కెపింగు, 1247 అన్న హిజ్రీ సంవత్సరం. అది క్రీస్తుశకం 1831. పేరాక్, సెలాంగోర్, సియాక్, దేలి, మినాంగ్‌కబావు పేర్లతోనూ ఉన్నాయి. లెక్కలేనన్ని కొట్టారు కనుక మామూలు పుంజు బిళ్ళ చవక. అరుదైన ఊరి పేరున్నది అదే పరిమాణంలో, అదే రంగులో ఉండి పదింతలు పలకవచ్చు. అరబ్బీ అంకెలు, అయిదారు ఊళ్ళ పేర్లు గుర్తుపట్టడం నేర్చుకుంటే చాలు, కలగలుపు సంచి నుంచి మంచిది ఏరుకోగల కుటుంబం ఇదొక్కటే. అమ్మేవాళ్ళు చాలామంది ఆ లిపి చదవరు.

కెనడా, ఆస్ట్రేలియా టోకెన్లు. ఇవి మనకు దూరం, కానీ కేటలాగులు పక్కాగా ఉన్నాయి. అప్పర్ కెనడా బ్యాంకు 1850 నుంచి 1857 వరకు వేసిన పెన్నీ, అర పెన్నీల మీద సెయింట్ జార్జి డ్రాగన్‌ను చంపుతుంటాడు. దిగువ కెనడాలో 1837 నాటి "రైతు బొమ్మ" టోకెన్లను నాలుగు బ్యాంకులు వేశాయి. బొమ్మ ఒక్కటే, బ్యాంకు పేరు మాత్రం రిబ్బను మీద సన్నని అక్షరాల్లో ఉంటుంది. భూతద్దం లేకుండా ధర చెప్పలేరు. ఆస్ట్రేలియాలో 1849లో మెల్బోర్న్‌లోని అన్నాండ్ స్మిత్ కంపెనీతో మొదలై, బంగారపు వెర్రి రోజుల్లో కిరాణా కొట్ల నుంచి బట్టల దుకాణాల దాకా తమ చిరునామాతో పెన్నీలు వేయించుకున్నాయి. అక్కడ జాగ్రత్త పడాల్సింది జతకలవని అచ్చులు. ఒక కొట్టు ముఖం, మరో కొట్టు వెనుకభాగం కలిపి ఆ రోజుల్లోనే సేకర్తలకు అమ్మడానికి కొట్టినవి ఉన్నాయి. అవి నకిలీలు కావు గానీ అంగట్లో చెల్లినవీ కావు. రెండిటి ధర ఒకటి కాదు.

సంవత్సరాన్ని నమ్మకూడని చోట్లు

నాణెం మీది సంవత్సరానికి చట్టం పూచీ. టోకెను మీది సంవత్సరానికి ఎవరి పూచీ లేదు. కంపెనీ 1804లో సుమత్రా కోసం తన పేరుతో కెపింగులు కొట్టించింది. జనం వాటిని నమ్మారు కనుక, ఆ తర్వాత దశాబ్దాల పాటు వర్తకులు 1804, హిజ్రీ 1219 అన్న అంకెలనే తమ బిళ్ళల మీద వేసుకున్నారు. వాటిలో "సుమత్రా ద్వీపం" అని రాసినవీ, "సుమత్రా" చోట "సుల్తానా" అని పెట్టినవీ ఉన్నాయి. అక్షరాలు చూడకుండా అంకె చూసి కొంటే కంపెనీ నాణెమనుకుని వర్తకుడి నకలు కొంటారు.

కెనడాలో "వెక్సాటర్ కెనడియెన్సిస్" అని వ్యంగ్యంగా రాసిన టోకెను మీద 1811 ఉంటుంది, తయారైంది 1830లలో. ప్రైవేటు టోకెన్ల మీద నిషేధం నుంచి తప్పించుకోవడానికి వెనకటి సంవత్సరం వేసుకున్నారు. నోవా స్కోషియా అర పెన్నీ మీద 1832 ఉండి, రెండేళ్ళ ముందే చనిపోయిన నాలుగో జార్జి తల ఉంటుంది. అది అసలుదే. దానికి అప్పట్లోనే వచ్చిన దొంగ నకలులో అంకెలు తారుమారై 1382 అని పడింది. ఈ తప్పు నకలు అసలు దానికన్నా ఎక్కువ ధర పలుకుతుంది. "కమ్మరి టోకెన్లు" అనేవి ఇంకో మెట్టు: బాగా అరిగిన పాత ఇంగ్లీషు అర పెన్నీలా కనపడేట్టు ముందే మసకగా కొట్టారు. వాటిలో అస్పష్టత అరుగుదల కాదు, అచ్చులోనే ఉంది. లోతైన చోట్లు కూడా మెత్తగా ఉంటే అది కొట్టినప్పటి మసక. ఎత్తయిన చోట్లు మాత్రమే చదునైతే అది అరుగుదల.

ఈ ఉదాహరణలన్నిట్లో ఒకే సంగతి: ఆ కాలంలోనే వచ్చిన నకలుకు వాడుక చరిత్ర ఉంది, ధర ఉంది. ఈ కాలపు నకలుకు లేదు. "నకిలీ" అన్న ఒక్క మాటతో రెండిటినీ పారేయకండి.

చేతిలో పెట్టుకుని చేసే పరీక్షలు

కావలసినవి 0.01 గ్రాము చూపే త్రాసు, వెర్నియర్ కాలిపర్, పది రెట్ల భూతద్దం, చిన్న అయస్కాంతం, ఒక పక్క నుంచి వెలుగు పడే దీపం.

ముందు అయస్కాంతం. రాగి, ఇత్తడి, జింకు, సీసం, వెండి అంటుకోవు. అంటుకుంటే ఇనుము మీద పూత. తర్వాత అంచు. పోత పోసినదానికి అంచు చుట్టూ సన్నని అతుకు గీత గానీ, దాన్ని ఆకురాయితో అరగదీసిన గీతలు గానీ కనిపిస్తాయి. పక్క వెలుగులో ఉపరితలం మీద సూదిమొన గుంటలు, అక్షరాల మొదట్లో గుండ్రంగా కరిగినట్టు ఉండటం పోత లక్షణాలు. అచ్చు దెబ్బతో పుట్టినదానికి అక్షరం గోడ నిటారుగా లేచి, నేల నునుపుగా ఉంటుంది.

రంధ్రం ఉంటే అది ఎప్పటిదో చూడాలి. తోట టోకెన్లలో రంధ్రం అచ్చులోనే ఉంటే అక్షరాలు దాన్ని తప్పించుకుని అమర్చి ఉంటాయి, రంధ్రం అంచు రెండువైపులా ఒకేలా ఉంటుంది. తర్వాత మెడలో కట్టుకోవడానికి తొలిచినదైతే ఏదో ఒక అక్షరాన్ని తినేస్తుంది, ఒకవైపు లోహం పెదవిలా బయటకు పొడుచుకు వస్తుంది. మొదటి రంధ్రం ధర తగ్గించదు. రెండోది సగానికి పైగా కోస్తుంది.

లోహం తేల్చడానికి సాంద్రత. త్రాసు మీద నీళ్ళ గిన్నె పెట్టి సున్నా చేయండి. టోకెనును సన్నని దారంతో కట్టి, అడుగూ గోడలూ తగలకుండా పూర్తిగా ముంచి పట్టుకోండి. త్రాసు చూపే పెరుగుదలే దాని ఘనపరిమాణం. పొడి తూకాన్ని ఆ అంకెతో భాగించండి. 9.20 గ్రాముల బిళ్ళకు 1.03 వస్తే 8.93, అంటే రాగి. ఇత్తడికి 8.4 నుంచి 8.7, జింకుకు 7.1, సీసానికి 11.3, వెండికి 10.5. నీళ్ళలో ఒక చుక్క పాత్రల సబ్బు వేస్తే గాలిబుడగలు అంటుకోవు. బుడగ ఉంటే సాంద్రత తక్కువ చూపుతుంది. ఈ పరీక్షకు ఒక హద్దు ఉంది. 2.20 గ్రాముల కెపింగుకు పెరుగుదల 0.25 దగ్గర ఉంటుంది. త్రాసు ఒక్క అంకె అటూ ఇటూ ఊగినా ఫలితం 8.46 నుంచి 9.17 దాకా మారుతుంది. అంత పలచటి బిళ్ళలో రాగినీ ఇత్తడినీ ఈ దారిలో విడదీయలేరు. ఒకే రకానివి అయిదారు కలిపి ముంచితే కొంత నయం.

చివరిది, చాలామంది చేయనిది: ఒకే రకం రెండు బిళ్ళలను పక్కన పెట్టి గీతలు పోల్చడం. రెండింటి మీదా ఒకేచోట ఒకే గాటు, ఒకే అక్షరం మీద ఒకే గుంట ఉంటే ఆ రెండూ ఒకే తల్లి బిళ్ళ నుంచి పోసిన నకళ్ళు. గాటు వాడుకలో పడేది. రెండిటికీ ఒకేచోట పడదు.

ధర కట్టడం

రెండు వేర్వేరు లెక్కలు పనిచేస్తాయి, కుటుంబాన్ని బట్టి ఏది వాడాలో ఎంచుకోవాలి. కెనడా బ్యాంకు టోకెన్లు, పుంజు కెపింగులు, మద్రాసు కాసులు వేలల్లో దొరుకుతాయి. అక్కడ ధరంతా స్థితిలో ఉంది. అరిగిన నాణేనికీ, కొట్టినప్పటి ఎర్ర మెరుపు మిగిలిన నాణేనికీ ఇరవై రెట్ల తేడా వచ్చినా వింత కాదు. అందుకే ఈ రకాల్లో చవకవి పది కొనేకన్నా మంచిది ఒకటి కొనాలి. సింహళ, అస్సాం తోట టోకెన్లలో లెక్క తిరగబడుతుంది. పేరు చదవగలిగితే చాలు, అరుగుదలను మన్నిస్తారు, ఎందుకంటే అదే తోటది మరొకటి మళ్ళీ ఎప్పుడు అమ్మకానికి వస్తుందో ఎవరూ చెప్పలేరు. పైగా చాలా చేతులు మారినట్టు కనిపించే అరుగుదల ఆ బిళ్ళ నిజంగా కూలీల చేతుల్లో తిరిగిందని చెప్పే సాక్ష్యం. ధగధగలాడే తోట టోకెను చూస్తే కొత్తగా కొట్టిందేమో అన్న అనుమానంతోనే మొదలుపెట్టాలి.

అడిగే ధర ధర కాదు. అమ్ముడైన ధర చూడాలి. వేలం సంస్థల పాత ఫలితాల్లో అదే రకం, అదే స్థితి ఉన్నవి కనీసం మూడు వెతికి, అన్నిటికన్నా పెద్దదాన్ని వదిలేసి మిగిలినవాటి మధ్య నిలబడండి. వేలం అంకె చూసేటప్పుడు కమిషన్ మరవొద్దు. ఉదాహరణకు సుత్తి దెబ్బ 8,000 రూపాయల దగ్గర పడి, కొన్నవారి కమిషన్ 20 శాతం, అమ్మినవారిది 10 శాతం అనుకుంటే, కొన్నవారు పన్ను కాక 9,600 కట్టారు, అమ్మినవారికి 7,200 ముట్టింది. ఇవాళ కొన్నది రేపు అదే అంకెకు అమ్మితే పాతిక శాతం పోతుంది. రెండు మూడేళ్ళలో లాభానికి కొనేవారికి ఈ రంగం పనికిరాదు.

ఒకే తోట బిళ్ళకు ఇద్దరు పట్టుబట్టి పాడితే వచ్చిన రికార్డు ధరను ఆధారం చేసుకోకండి. ఆ ధర చూసి ఇళ్ళలో ఉన్న మిగతావి బయటికి వస్తాయి, మూడో అమ్మకానికి ఇద్దరు కొనుగోలుదారులూ తృప్తిపడి ఉంటారు.

కడగడం

చింతపండు, నిమ్మరసం, ఇత్తడి పాలిష్ పొడి ముట్టించకండి. నూరేళ్ళుగా ఏర్పడిన గోధుమరంగు పొర ఒక్క నిమిషంలో పోయి, గులాబీరంగు పచ్చి రాగి బయటపడుతుంది. సేకర్త దాన్ని దూరం నుంచే గుర్తుపడతాడు. ధర సగం మిగిలితే గొప్ప. మట్టి ఉంటే శుద్ధజలంలో రోజుల తరబడి నానబెట్టి, నీరు మారుస్తూ, టూత్‌పిక్ కొనతో మెల్లగా తీయండి. జిడ్డుకు స్వచ్ఛమైన అసిటోన్. గోళ్ళ రంగు తీసే సీసా పనికిరాదు, అందులో నూనె, రంగు కలిపి ఉంటాయి. గట్టిగా అంటుకున్న ముదురు చిలుము నిలకడైనది, వదిలేయండి. లేత పచ్చగా, గోటితో రాలిపోయే పొడి మాత్రం క్లోరైడ్ తెగులు. తేమ ఉన్నంతకాలం తింటూనే ఉంటుంది, అలాంటి బిళ్ళను మిగతావాటి నుంచి వేరుగా ఉంచాలి. మెత్తటి పి.వి.సి. కవర్లు రాగి మీద పచ్చని జిగురు పుట్టిస్తాయి, మైలార్ కవర్లు వాడండి. సీసపు టోకెన్లను అట్టపెట్టెల్లో, చెక్క సొరుగుల్లో పెడితే వాటి నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి తెల్లటి పొడి కడుతుంది. ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి.

ఎక్కడ అమ్మాలి, చట్టం ఏమంటుంది

ఒకటి రెండు మామూలు బిళ్ళలైతే నాణేల వ్యాపారికి అమ్మడమే మేలు. ఆయన తిరిగి అమ్మే ధరలో సగానికి అటూ ఇటూ ఇస్తాడు, అది అన్యాయం కాదు, ఆ బిళ్ళ ఏళ్ళ తరబడి ఆయన సొరుగులో ఉండవచ్చు. పేరు తేలిన తోట టోకెనైతే వేలానికే పంపండి. దాని విలువ తెలిసిన ఇద్దరు ఒకేచోట ఉండేది అక్కడే. ఆన్‌లైన్‌లో నేరుగా అమ్మాలంటే రెండువైపులా, అంచు కూడా ఫొటో తీసి, తూకం, అడ్డకొలత రాయండి. ఆ రెండు అంకెలు లేని ప్రకటనను తెలిసినవారు పట్టించుకోరు. కొనేటప్పుడూ అదే పద్ధతి: తూకం చెప్పమంటే తప్పించుకునే అమ్మకందారుతో బేరం వద్దు.

మొదటి కొనుగోలుకు ఏది? చేతిలో కొద్ది డబ్బే ఉండి, చదివే ఓపిక ఉంటే కెపింగులు. చూడగానే తెలిసే అందం, పక్కా కేటలాగు కావాలంటే అప్పర్ కెనడా పెన్నీలు. 1854 పెన్నీలో నాలుగు అంకె అడ్డగీత కొనకు చిన్న నిలువు గీత ఉన్నది అరుదైన రకమని తెలిస్తే అక్కడా ఏరుకోవచ్చు. మన చరిత్రకు దగ్గరగా ఉండాలంటే ఉత్తర సర్కారుల రాగి. సింహళ, అస్సాం టోకెన్లకు మాత్రం కనీసం ఏడాది పాటు వేలం ఫలితాలు చూశాకే చెయ్యి చాపండి. ఈ నాలుగింట్లో హామీ ఇచ్చినవాడి పేరు, హామీ అందుకున్నవాడి చెమట రెండూ కనపడేవి అవే. నకిలీల వల్ల నష్టం ఎక్కువగా జరిగేదీ అక్కడే.

మట్టిలో దొరికినదైతే ముందు వేరే లెక్క ఉంది. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన, పది రూపాయలకు మించిన విలువ ఉన్న దేన్నైనా జిల్లా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. దాచి అమ్మితే శిక్ష ఉంది. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణేలూ ఇతర పాత వస్తువులూ పురావస్తువుల కిందికి వస్తాయి. వాటిని విదేశాలకు పంపడం ప్రైవేటు వ్యక్తులకు నిషిద్ధం, వ్యాపారంగా అమ్మడానికి లైసెన్సు కావాలి. కాబట్టి విదేశీ కొనుగోలుదారు ఎక్కువ ధర చెప్పినా 1880ల అస్సాం టోకెనును పోస్టులో పంపకూడదు. బయటి నుంచి తెప్పించుకునే కెనడా, ఆస్ట్రేలియా టోకెన్లకు కొన్న రసీదు, కస్టమ్స్ చీటీ, వచ్చిన కవరు దాచిపెట్టండి. తర్వాత ఎప్పుడైనా అది ఇక్కడ తవ్వితే దొరికింది కాదని చూపించాల్సి వస్తే పనికొచ్చేవి ఆ కాగితాలే.